పిస్టన్ పిన్ను క్లిప్పు

ఆదివారం, చింతామణి

ఒళ్లంతా అలసటగా ఉంది. పొగ కక్కే నా పాత మోటారుసైకిలు సిలిండరు లోపల అరిగిపోతే, దాన్ని గీయించి బోరు చేయించి తెచ్చాను. ఇంజిన్ పైభాగం ఇంటి ముందరే బిగిద్దామని పొద్దున గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. పిస్టన్‌ను రాడ్డుకు తగిలించి, పిన్ను జారకుండా చివర పెట్టే చిన్న క్లిప్పును వేళ్లతో పట్టుకున్నాను. పట్టుకున్నాననే అనుకున్నాను.

"అన్నా, క్లిప్పు అప్పుడే పడిపోయిందే!" అంది పక్కనే కూర్చున్న చెల్లెలు సరళ.

ఇంజిన్ లోపలికి ఏదీ పోకుండా గుడ్డ కుక్కి ఉంచాను కాబట్టి సరిపోయింది, దాని మీదే పడింది. తీసి మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ జారింది. ఈసారీ నాకు తెలియలేదు.

సరళ నా వేలిని తీసుకుని గోటితో గట్టిగా నొక్కింది. "తెలస్తాండాదా?"

"లేదు."

"ఎన్నాళ్లనుంచి ఇట్లుండాది? అంగట్లో రవికెలు ఎట్ల కుడతాండావు?"

"కండ్లతో చూసుకుంటా కుడతాండా."

సరళ క్లిప్పు తనే ఎక్కించింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులను తను అదిమి పట్టుకుంటే నేను సిలిండరును మెల్లగా దించాను. సాయంత్రానికి బండి పొగ లేకుండా స్టార్టయింది. ఇద్దరికీ సంతోషం రాలేదు.

"రేపు చిక్కబళ్లాపురం ఆసుపత్రికి పోదాము. బండి నేను తోలతా, నువ్వు ఎనక కూర్చో," అంది.

టైలరు పని తప్ప నాకు ఇంకోటి చేతకాదు. డాక్టరు అది మానుకోమంటే ఏం చేయాలని సరళను అడగాలనిపించింది. సరేనని మాత్రం అన్నాను.