పసుపు పెట్టిన ఫిల్టర్లు

కల్వకుర్తి, శుక్రవారం

మన లారీకి ఆయిల్ ఫిల్టర్లు తెస్తానని మద్రాసు వెళ్ళిన డ్రైవర్ మల్లయ్య ఈ సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. మన సంస్థానం సరిహద్దులో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా వాళ్ళు పెట్టె జప్తు చేశారట. కాగితంలో రాసిన నంబరే సామాను మీదా ఉండాలి, సామాను కొత్తదై ఉండాలి. అది వాళ్ళ కానూను. మల్లయ్యేమో రైలెక్కే ముందు ఒక్కో ఫిల్టరుకూ తడి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టాడు. నంబరు చీటీలు నాని ఊడిపోయాయి. మరకలు చూసి, ఇవి వాడిన సామాన్లే అన్నాడట నాకా అధికారి.

"నీకు బుద్ధున్నదా?" అని పదిమంది ముందు అరిచాను.

"బండికి మంచిగుండాలెనని పెట్టిన పటేలా," అన్నాడు. లారీ తాళంచెవి గడప మీద పెట్టి, అన్నం తిని పొమ్మన్నా వినకుండా వెళ్ళిపోయాడు.

పల్లికాయ బస్తాలు జడ్చర్ల స్టేషనుకు ఎట్లా చేరతాయో... ఇప్పుడు ఆ ఫికరు కూడా పట్టడం లేదు.

మల్లయ్య పనిలో చేరిన రోజు కొత్త టైరు బిగించబోతుంటే చేయి పట్టి ఆపింది నేనే. పసుపు పెట్టనిదే కొత్త సామాను బండికి తగలొద్దని చెప్పింది నేనే.

ఆ మాట అతను నాకు గుర్తు చేయలేదు.