ఆదివారం పూలు కోయను

అవ్వా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. మనిద్దరం చామంతులు కోసిన ఎంకపల్లి తోటలో నాకు పని పోయింది.

నిన్న మేస్త్రీ, "అక్కా, పెండ్లిళ్ల సీజన్. రేపు ఐతారం రాకుంటే ఇగ ఎప్పటికీ రాకు" అన్నాడు. రానన్నాను.

"ప్రార్థన జేస్తె కడుపు నిండుతదా?" అని నవ్వాడు.

"పూలు కోస్తె కడుపొక్కటే నిండుతది తమ్మీ" అన్నాను. నా గొంతు పక్క సాలుకు కూడా వినపడదని నువ్వు తిట్టేదానివి కదా. నిన్న తోటంతా వినపడింది.

పొద్దున ఆరాధనకు వెళ్లొచ్చి ఎసరు పెట్టాను. డబ్బాలో బియ్యం అడుగంటాయి. అయినా నువ్వు రోజూ చేసినట్టే, వండే ముందు ఒక పిడికెడు తీసి చర్చి సంచిలో వేశాను.

రేపు సురంగల్ ఊరి పూలతోటల్లో పని అడుగుతాను. ఆదివారం రానని అక్కడ ముందే చెబుతాను.