వేపమండను చూసింది హేమ ఒక్కతే

ఫిబ్రవరి 4

హేమ పెనుకొండ ఆఫీసు నుంచి వేళకే వచ్చింది. చెప్పులు వరుసలో పెట్టలేదు. చెప్పాను, పెట్టింది. మనవరాలైనా హిందూపురంలో ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు పద్ధతి పద్ధతే. దాని నాయన ధర్మవరంలో పట్టుచీరల మధ్య గారాబం చేసి, ఉద్యోగం దగ్గరని నా మీదికి తోశాడు.

సంకటి పెడుతూ పని గురించి అడిగాను. హైవే పొడుగునా కెమెరాలు. బండి ఆగిపోయినా, ఎదురు వచ్చినా, మనిషి దారి మీదికి వచ్చినా యంత్రం తానే కనిపెట్టి గంట కొడుతుందట. హేమ గదిలో కూర్చుని ఆ బొమ్మ చూసి నిజమో కాదో తేల్చాలి. నిజమైతే గస్తీ బండిని పంపాలి. కాకపోతే 'ఉత్తది' అని నొక్కాలి.

"అంత తెలివైన మిషినుకు నువ్వెందుకే?" అన్నాను.

"బండి నిలబడిందని దానికి తెలుస్తాది అవ్వా. ఎందుకు నిలబడిందో తెలీదు."

మంచి జవాబు. మెచ్చుకున్నట్టు కనబడకుండా నెయ్యి వేశాను.

ఫిబ్రవరి 6

గంగమ్మ మలుపు కథ చెప్పి నవ్వించింది. బెంగళూరులో కొత్త బండి కొన్నవాళ్ళంతా ఊరికి పోతూ ఆ మలుపులో గుడి ముందు ఆపుతారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు వేపమండ, ఒక టెంకాయ. యంత్రానికి అదంతా ఆపదే. పొద్దంతా గంట.

"మా రూములో దాని పేరే టెంకాయ గంట అవ్వా. కొట్టంగానే 'గంగమ్మకు టెంకాయ' అని 'ఉత్తది' నొక్కేస్తాం."

"చూసి నొక్కుతారా, చూడకనా?"

"చూసే! నువ్వు పెంచినదాన్ని కదా."

ఆ చివరి మాట నన్ను మంచి చేసుకోవడానికి. తెలుసు. అయినా...

ఫిబ్రవరి 7

చింతపండు వచ్చింది. గింజే ఎక్కువ. వెనక్కి పంపాను.

ఫిబ్రవరి 10

హేమ తినలేదు. ఒంట్లో బాగాలేదంది. నుదురు చూశాను — జ్వరం లేదు.

ఫిబ్రవరి 11

చెప్పింది.

నిన్న మధ్యాహ్నం గంగమ్మ మలుపులో గంట కొట్టింది. బొమ్మ చూసింది. గుడికి కాస్త ఇవతల టమోటాల బండి. కొత్తది, రంగు మెరుస్తోంది. ఒకతను వెనక చక్రం దగ్గర వంగి ఏదో పెడుతున్నాడు. రెండో చేతిలో వేపమండ. చక్రం కింద నిమ్మకాయ, చేతిలో మండ — పూజే అనుకుంది. 'ఉత్తది' అని నొక్కింది.

పూజ కాదు. బండి చెడి నిలిచిపోయింది. చక్రానికి రాయి అడ్డం పెట్టి, వెనక వచ్చేవాళ్ళకు తెలియాలని దారి మీద మండ వేస్తున్నాడు. చెడిన బండి వెనక మా వైపు అందరూ చేసే పనే. కాసేపటికి లారీ వచ్చి గుద్దింది. మనిషి బతికాడు. కాలు నుజ్జయింది. పేరు గంగాధర, పరిగి దగ్గర ఊరు.

"వేరే రాష్ట్రం పిల్ల ఎవరన్నా ఆ కుర్చీలో కూచోనింటే గస్తీని పంపించింటాది అవ్వా. ఆ పిల్లకు మన పూజ తెలీదు. నాకు తెలుసు, అందుకే..."

ఏడవనిచ్చాను.

ఫిబ్రవరి 12

మొక్కలకు నీళ్ళు పోస్తూ అదే ఆలోచన. చెడిన బండి వెనక మండ వేస్తారని హేమకు తెలియదా? తెలుసు. పూజా తెలుసు, అదీ తెలుసు. రెంటిలో రోజూ చూసేదే కంటికి ముందొచ్చింది. బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళు పిల్లలతో అన్నాను — జవాబు తెలిసినట్టు లెక్క చదవకండి, ఉన్నది చదవండి అని. హేమ కూడా సెలవుల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నదే.

యంత్రానికి ఆ జబ్బు లేదు. ఎన్నిసార్లు ఉత్తదని కొట్టిపారేసినా మళ్ళీ ఆగిన బండిని చూస్తే అంతే గట్టిగా చెబుతుంది. రోషం లేదు దానికి. మనిషైతే 'ఇంక చెప్పను పో' అనేవాడు.

ఫిబ్రవరి 14

వచ్చే వారం పెనుకొండలో విచారణ.

లారీ తరఫువాళ్ళు ఒకటే మాట మీద ఉన్నారట — రాయీ లేదు, మండా లేదు, బండిని దారిలో వదిలేసి నిలబడ్డాడు, తప్పు గంగాధరదే అని. లారీ తాకిడికి రాయి ఎటు పోయిందో, మండ ఎటు పోయిందో. కెమెరా బొమ్మలు దాచిపెట్టే పెట్టె అంతకుముందే చెడి మరమ్మతుకు పోయింది. గంట కొట్టినట్టు, హేమ నొక్కినట్టు మాత్రం కంప్యూటరులో ఉంది. గంగాధర కాక మండను చూసిన కళ్ళు లోకంలో హేమవే.

చూశానంటే — చూసి ఎందుకు నొక్కావంటారు. ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడా రాకపోవచ్చు.

ఆఫీసులో పైసారు దారి చూపించాడట. "కెమెరా అద్దం మీద ఎండ పడింది, బొమ్మ కనపడలేదు అని చెప్పు తల్లీ. నీకూ మంచిది, మాకూ మంచిది."

"గంగాధరకు?" అని హేమను అడిగాను.



ఫిబ్రవరి 15

ధర్మవరం నుంచి మురళి ఫోను. నా కొడుకు గొంతులో ఇంత భయం ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, నువ్వు హెడ్మిస్ట్రెస్ మాదిరి మాట్లాడొద్దు దాంతో. చిన్నపిల్ల. మిషిను మీదికి తోసేస్తే మిషినేమన్నా ఏడుస్తాదా?"

"మిషిను చెప్పింది కదరా. విననిది నీ కూతురు."

"లంచం దుడ్ల కోసం చేసిందా అది? కన్ను పొరపడింది, అంతే! దానికి బతుకంతా పోగొట్టుకోవల్లనా?"

ఫోను పెట్టేశాక కూడా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. వాడన్నది తప్పు కాదు. కన్ను పొరపడినందుకు నేనూ దాన్ని ఒక్క మాట అనను. ఎండ మీదికి తోస్తే మాత్రం... ఏమంటానో తెలియదు. అప్పుడు కూడా సంకటి పెడతాను కదా. పెట్టక?

ఫిబ్రవరి 17

వంకాయ కూరలో ఉప్పు మరిచాను. హేమ చెప్పకుండా తినేసింది.

"నోరు లేదా నీకు?" అని కసిరాను.

"నువ్వు గూడా తింటాండావు కదవ్వా. తెలిసే తింటాండావేమో అనుకున్యా."

ఎన్నాళ్ళకో ఇద్దరం నవ్వాం.

ఫిబ్రవరి 18

హేమ ఆసుపత్రికి పోయి వచ్చిందట. గంగాధర మంచం దాకా పోలేకపోయింది. అతని తల్లి వరండాలో కూర్చుని, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ ఒకటే చెబుతోంది — "మావోడు మండ ఏసినాడప్పా. ఎయ్యకుండా ఉండడు. వాన్ని పెంచింది నేను." వినేవాళ్ళు అయ్యో అంటున్నారు, పోతున్నారు. ఎవరూ నమ్మినట్టు లేదట.

హేమ ఆమె ముందు నిలబడింది. తిరిగి వచ్చేసింది.

ఇది చెబుతూ నా ముఖం చూడలేదు.

ఫిబ్రవరి 19

రేపే.

పొద్దున పూలు కడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వయితే ఏం చేస్తావు అవ్వా?"

'చెబుతాను' అనడం నాకు సులువు. నాకు పింఛను వస్తుంది. కుర్చీ పోయేది నాది కాదు. ఈ వయసులో నిజం చెప్పి నేను పోగొట్టుకునేదేముంది? ఆ మాటే చెప్పాను.

"ఇదేం జవాబు?" అంది. కోపం.

"నీ లెక్క నేను చేసిపెడితే నీకు వచ్చినట్టు కాదు." గొంతు కటువుగానే వచ్చింది. నా గొంతు అంతే. కావాలని కాదు.

హేమ దారం అందుకుని ఒక ముడి వేసింది. ఆ తరువాత నెమ్మదిగా — "రేపు నాతో రా. కానీ ఏమీ చెప్పొద్దు. చెప్పమనొద్దు, చెప్పొద్దనొద్దు."

సరే అన్నాను. నాకది ఎంత కష్టమో దానికి తెలుసు.

ఫిబ్రవరి 20

పెనుకొండ. విచారణ గది బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతులకు పని ఉండాలి.

పైసారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "ధైర్యంగా ఉండమ్మా, చెప్పింది గుర్తుంది కదా," అన్నాడు. హేమ తలూపిందో లేదో నాకు కనబడలేదు. లోపలికి పోయింది. తలుపు మూశారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

పక్కన ఒకామె వచ్చి కూర్చుంది. చేతిలో క్యారియరు. అడగకుండానే చెప్పింది — గంగాధర తల్లినని, కొడుకు బదులు తానొచ్చానని, లోపలికి రానివ్వలేదని.

"ఎవరో పాప ఉండాదంట లోపల. ఆ పాపే చూసిందంట టీవీలో. ఆ యమ్మ నోట ఏమొస్తే మాకు అదేనమ్మా ఇంక."

తల ఊపాను.

"మీరేం పని మింద వచ్చినారు? మీవోళ్ళు ఎవరన్నా ఉండారా లోపల?"

కలం ఆపాను. బతుకంతా సూటి ప్రశ్నకు సూటి జవాబు అడిగినదాన్ని.

"ఆ పాప నా మనవరాలు."

చాలాసేపు నా ముఖమే చూసింది. కోపమో ఆశో నాకు తెలియలేదు. లేచి పోతుందనుకున్నాను. పోలేదు.

"పాప పొద్దున ఏమన్నా తినిందా?"

"లేదు."

క్యారియరు మూత తీసింది. లోపలికి చూసి, మళ్ళీ మూసింది.

"ముందు బయటికి రానీ," అంది.

ఇద్దరం ఆ తలుపునే చూస్తున్నాం. ఇంకా తీయలేదు.