మందులు నాకే, అవ్వా

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఎడపల్లి చర్చిలో తమ్ముడు నీ కోసం ప్రార్థన పెట్టించాడట. నేను మస్కట్‌లోనే ఉన్నాను, బట్టలు కుట్టే దుకాణంలో.

"ఫిట్స్ వచ్చే కన్నబిడ్డను దేశం కాని దేశం పంపుతవా?" అని ఊరంతా అడిగితే, "మందులేసుకుంటది, పని చేస్కుంటది, మీకేంది?" అన్నావు.

నిజామాబాద్ నుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోవచ్చాయి. ఇక్కడ డాక్టర్ చీటీ లేనిదే ఆ మందు ఇవ్వరు. వేసుకోకపోతే మళ్లీ పడిపోతానని భయం. నా గదిలో ఉండే బోధన్ పిల్ల సునీత, "ఒక్కదానివే దవాఖానకు ఎట్ల పోతవక్కా, నేనొస్త" అంది.

"నేనే పోయొస్త తియ్" అన్నాను.

డాక్టరుకు నా జబ్బు సంగతంతా వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆయన రాసిన పేరు వేరేగా ఉంటే, పాత మాత్రల అట్ట చూపించి అడిగాను. మందు అదేనని, కంపెనీయే వేరని ఓపిగ్గా చెప్పాడు.

మందుల దుకాణంలో బీమా కార్డు మీద కొంత పోగా, మిగతాది నా జీతంలోంచి కట్టాను. "ఎవరికి?" అని అడిగాడు దుకాణం అతను. నాకు సంబంధాలు చూసే రోజుల్లో నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మందుల షాపులో నువ్వు గొంతు తగ్గించి, "మా సుట్టాలకు" అనేదానివి. నేను మాత్రం పక్కవాళ్లకు వినపడేలా "నాకే" అన్నాను.

వచ్చి మాత్ర వేసుకుని పనిలో కూర్చున్నాను. ఎవరిదో పెళ్లిగౌను, అవ్వా. దానికి ముత్యాలు కుట్టే పని మా మాస్టర్ నాకే ఇచ్చాడు. ఈ దుకాణంలో వణకని చెయ్యి నాదేనట.

నీ బిడ్డ