జీపు రాని దిగువపల్లె

చిత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కయ్యకు,

నీ చెల్లెలు కామేశ్వరి నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ హాయిగా ఉన్నాను. అక్కడ నువ్వు, బావగారు, అమ్మ, నాన్నగారు అంతా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా, వడియాలు ఎండబెట్టే వంకతో డాబా ఎక్కుతూనే ఉంటుందని నాకు తెలుసు. నాన్నగారికి దగ్గు తగ్గిందా? బుజ్జిగాడు ఏడవకుండా బడికి వెళ్తున్నాడా? ఒక్కొక్కరి గురించీ విడివిడిగా రాయి. క్రితం ఉత్తరంలో "ఇక్కడ అంతా మామూలే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇంత దూరంలో ఉన్నదానికి ఆ మామూలు సంగతులే కదా కావాల్సింది.

అమ్మ బెంగ పెట్టుకోవద్దని చెప్పు. వేళకి తింటున్నాను. మా ఇంటావిడ రూతమ్మగారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మొండి రోగుల చేత మందు మింగించిన మనిషికి నా చేత సంగటి ముద్ద తినిపించడం ఒక లెక్కా? మొదట్లో రాగి సంగటి నాకు గొంతు దిగేది కాదు. "నమిలేది కాదు బిడ్డా, మింగేది" అని ఆవిడే నేర్పారు. ఇప్పుడు శెనక్కాయల ఊరిబిండి, అంటే మన వేరుశెనగ పచ్చడి, నంజుకుని రెండో ముద్ద నేనే అడిగి పెట్టించుకుంటున్నాను. ఈ చలికాలంలో అనపగింజలు నానబెట్టి, పొట్టు పితికి పప్పు వండుతారు. పితికిపప్పు అంటారు. నువ్వు తింటే వదలవు.

తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది, పది దాటితే ఎండ చురుక్కుమంటుంది. చుట్టూ గుట్టలు, మామిడి తోటలు, ఎర్రమట్టి. కాలవ అన్న మాటే లేదు. వచ్చిన కొత్తలో సాయంత్రం అయ్యేసరికి దిగులేసేది. భాష మనదే, అయినా చెవికి కొత్త. బస్సులో కండక్టరు "యాడ దిగాలమ్మా?" అని అడిగితే నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆయనేమో నేను మాట్లాడటం మొదలుపెట్టగానే "మీరు గోదావరోళ్ళా?" అని నవ్వాడు.

పిల్లలైతే మరీను. మొదటిరోజు ఎగువపల్లె బడిలో నేను "రండి, కూర్చోండి, మీ పేర్లు చెప్పండి" అనేసరికి ఏడో తరగతి మొత్తం ఘొల్లుమంది. "ఈ మేడం మనల్ని అండీ అంటాదిరా!" అని వాళ్ళకి ఒకటే వింత. ఆ రోజు నుంచి నేను బస్సు దిగితే చాలు, "మేడమండీ వచ్చినాదండీ, ఆయ్!" అని అరుస్తూ ఎదురొస్తారు. అక్కయ్యా, ఆ "ఆయ్" విన్నరోజు నా దిగులు సగం పోయింది.

నేను చేసే పరిశోధన ఏమిటో బావగారికి బోధపడలేదని రాశావు. చెబుతాను. ఇక్కడ ఒక సంస్థవాళ్ళు పల్లెటూరి బడులకి శనివారం శనివారం ఒక జీపు పంపిస్తారు. అందులో అద్దాలు, అయస్కాంతాలు, తూనికలు, కొలత టేపులు, ఇంకా బోలెడు సామాను ఉంటుంది. పిల్లలు పుస్తకం మూసేసి, సైన్సూ లెక్కలూ చేతులతో చేసి నేర్చుకుంటారు. అలా నేర్చుకున్నందువల్ల వాళ్ళలో నిజంగా ఏమైనా మార్పు వస్తుందా, లేదా అని చూడటం నా పని. దానికి రెండు బడులు కావాలి. ఒకటి జీపు వెళ్ళేది, ఇంకొకటి వెళ్ళనిది. రెండింటి పిల్లలకీ మొదట్లో ఒక పరీక్ష, కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఒక పరీక్ష పెట్టి, తేడా చూడాలి. జీపు వెళ్ళేది ఎగువపల్లె. వెళ్ళనిది దిగువపల్లె. మధ్యలో ఒక చిన్న గుట్ట.

తిరుపతిలో మా ప్రొఫెసరుగారు మరీ మరీ చెప్పి పంపారు, దిగువపల్లెలో పరీక్ష పెట్టి వచ్చెయ్యి, ఏమీ నేర్పకు, అడిగినా చెప్పకు అని. అలా చెబితే పోలిక పాడైపోతుంది. వినడానికి సులువుగానే ఉంది. కానీ మొదటి పరీక్ష కాగితాలు తీసుకుని బయల్దేరుతుంటే చెంగల్రాయుడు అనే కుర్రాడు గేటు దాకా వెంట వచ్చాడు.

"మేడం, జీపు ఎగువపల్లెకు పోతాది. ఈడికి ఏంటికి రాదు?"

"ఇక్కడికి ఇంకా నిర్ణయించలేదండీ."

"మేము ఏం తప్పు చేసినాము?"

ఏం తప్పూ చెయ్యలేదని చెప్పి బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది గానీ ఎందుకని అడగలేదు.

ఇక అసలు సంగతి. ఈమధ్యనే రెండో పరీక్ష పెట్టాను. అందులో ఒక ప్రశ్న ఉంది: చెట్టు ఎక్కకుండా దాని ఎత్తు కనుక్కోవడం ఎలా? ఎగువపల్లె పిల్లలు జీపువాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. ఎండలో ఒక కర్ర నిలబెట్టి దాని నీడ, చెట్టు నీడ కొలిచి లెక్క కడతారు. దిగువపల్లె వాళ్ళకి ఆ ప్రశ్నకి జవాబు రాదని మా అంచనా. ఇంటికొచ్చి కాగితాలు చూస్తే, అక్కయ్యా, దిగువపల్లెలో కూడా ఇంచుమించు అందరూ కర్ర గీశారు, చెట్టు గీశారు, రెండింటికీ నీడలు గీశారు!

ఎవరో ప్రశ్నలు ముందే చెప్పేశారనుకున్నాను. మర్నాడే వెళ్ళి హెడ్మాస్టరుగారిని అడిగితే, పాపం ఆయన తన పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నారు. తరగతిలోకి వెళ్ళి "ఇది మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను. అందరూ తలలు దించుకున్నారు. చివరికి చెంగల్రాయుడే లేచాడు.

"ఆదివారం మా కళ్ళం కాడికి రండి మేడం, తెలుస్తాది."

ఆదివారం రూతమ్మగారు చర్చికి వెళ్తుంటే నేను దిగువపల్లె బస్సెక్కాను. ఊరి చివర కళ్ళంలో, గడ్డివాము నీడన పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి పాఠం చెబుతున్నది ఎవరనుకున్నావు? ఎగువపల్లె బడిలో మూడో వరసలో కూర్చునే మునిలక్ష్మి! ఎన్నడూ నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగని పిల్ల. వాళ్ళ అవ్వగారి ఊరు దిగువపల్లె. ఆదివారం ఆదివారం గుట్ట దాటి అవ్వ దగ్గరికి వస్తుందట. శనివారం ఎగువపల్లెలో ఏం నేర్చుకుంటే అది ఆదివారం ఇక్కడ చెప్పేస్తుందట.

నేను గడ్డివాము వెనకే ఆగి చూశాను. దాని చేతిలో అద్దాలూ లేవు, టేపూ లేదు. పలుపుతాడుకి ముళ్ళు వేసి కొలతలు చూపిస్తోంది. ఇంకా విను. "ఇప్పుడు ఈ తాడు ఇక్కడ పట్టుకోండి. ఆయ్! మీరు చెప్పండి, నీడ ఎంతొచ్చిందండీ?" అంటోంది. అచ్చం నాలాగే! లెక్కలు చెప్పేటప్పుడు ఇలాగే మాట్లాడాలి కాబోలని అనుకుందో ఏమో. నాకు నవ్వు ఆగక గడ్డివాము వెనక నుంచి బయటపడ్డాను. నన్ను చూడగానే దాని మొహం పాలిపోయింది.

"తప్పా మేడం?" అంది, తాడు వీపు వెనక దాచుకుని.

"తప్పని ఎవరన్నారు? ఎందుకు చెప్పావు వీళ్ళకి?"

కాసేపు కాలి బొటనవేలితో మట్టి గీరింది. "నాకొక్కదానికే వస్తే, ఆడుకునేదానికి ఎవురుండారు మేడం?"

వాళ్ళ అవ్వ అక్కడే చేటలో ఉలవలు చెరుగుతోంది. "దీనికి ఇంట్లో పనంటే ఒళ్ళొంగదమ్మా, ఈ ఆటంటే తిండి గూడా ఒద్దు" అంది. అలా తిడుతూనే దాని జుట్టులో పడ్డ గడ్డి తీసేసింది.

సంతోషం సంతోషమే గానీ, తిరిగి వస్తుంటే భయం మొదలైంది. పోలిక పాడైంది. చేసిన పనంతా నీళ్ళ పాలేనా? దాచిపెట్టడం నా వల్ల కాదు. తిరుపతి వెళ్ళి ప్రొఫెసరుగారికి అంతా చెప్పేశాను.

"పోలిక పోయిందమ్మా" అన్నారు ఆయన. నేను తలొంచుకున్నాను. "సరే, ఆ పిల్ల పాఠం నేను చూడాల. ఆదివారం పోదాం పద."

నిజంగానే వచ్చారు. ఇస్త్రీ చొక్కాతో కళ్ళంలో పిల్లల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని పాఠమంతా విన్నారు. అయిపోయాక ఒక్కటే అడిగారు: "మబ్బు పట్టి ఎండ లేదనుకో. నీడ రాదు. అప్పుడు చింతమాను ఎత్తు ఎట్లా కొలుస్తావు?"

మునిలక్ష్మి ఆలోచించింది. "తెలీదు సార్. మీకు తెలుసా?"

"తెలుసు. చెప్పను."

పిల్లలంతా "చెప్పండి సార్!" అని గోల పెట్టారు. ఆయన నవ్వుకుంటూ బస్సెక్కేశారు. దారిలో మాత్రం "తెలీదు అని ఎంత బాగా చెప్పిందమ్మా! మా క్లాసులో ఎవరూ చెప్పరే" అని ఎన్నిసార్లు అన్నారో.

ఆ వారమంతా రెండు ఊళ్ళలోనూ ఇదే గొడవ. చివరికి కనిపెట్టింది ఎవరంటే, చెంగల్రాయుడు. ఎనుముకి, అదే మన గేదెకి, నీళ్ళు తాపుతుంటే తొట్టిలో చింతమాను కొస కనిపించిందట. వెనక్కి జరిగితే పోతోంది, ముందుకి వస్తే వస్తోంది. నీళ్ళలో చెట్టు కొస కనపడేచోట నిలబడి, తొట్టికీ తనకీ ఎంత దూరమో, తొట్టికీ చెట్టుకీ ఎంత దూరమో కొలిస్తే, తన కంటి ఎత్తుని బట్టి చెట్టు ఎత్తు తేలుతుందని వాడికి తట్టింది. నీడతో పని లేదు! ఆదివారం దాకా ఆగలేక గుట్ట దాటి ఎగువపల్లెకి పరిగెత్తాడు. ఆ శనివారం జీపు వచ్చేసరికి ఎగువపల్లె బడి ముందు ఒక గంగాళం, నీళ్ళు, దాని చుట్టూ తోసుకుంటున్న పిల్లలు. జీపులో వచ్చినాయన సామాను దింపడం మానేసి ఆయన కూడా వంగి చూశాడు.

ఈ కబురు చెప్పగానే ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. "నువ్వు వెతికింది దొరకలేదు. దొరికింది రాయి. ఒక ఊళ్ళో నేర్పింది ఇంకో ఊరికి ఎట్లా పోయింది, పోయి ఏమైంది, వెనక్కి ఏం తెచ్చింది. అదే నీ పరిశోధన ఇంక" అన్నారు. పోలికే లేనప్పుడు దిగువపల్లెని ఆపడం దేనికని ఆ సంస్థకి ఆయనే ఉత్తరం రాశారు.

నిన్న శనివారం దిగువపల్లెకి జీపు వచ్చింది, అక్కయ్యా! పిల్లలు రోడ్డు దాకా ఎదురొచ్చి, ఆగిపోని జీపుని కూడా వెనక నుంచి తోసుకుంటూ బడికి తీసుకెళ్ళారు. తాము ఏమడిగినా నేను చెప్పొచ్చని తెలియగానే నా మీద పడ్డారు. ఆకాశం నీలంగా ఏంటికుండాది, అయస్కాంతం నీళ్ళలో గూడా పట్టుకుంటాదా, చంద్రుడు మనతోపాటే ఏంటికి వస్తాడు. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కరోజే అడిగేశారు. చెప్పి చెప్పి నా గొంతు పూర్తిగా పోయింది. అందుకే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళకుండా ఉత్తరం రాస్తున్నాను. జలుబు కాదు, జ్వరం కాదు, అమ్మ కంగారు పడొద్దు. రూతమ్మగారు మిరియాల పాలు కాచి ఇచ్చారు.

ఒక సంగతి చెప్పాలి. పరిశోధన దారి మారింది కాబట్టి పని కూడా పెరిగింది. ఎండాకాలానికి వచ్చేస్తానన్నాను, కుదరదు. ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలి. మధ్యలో తప్పకుండా వచ్చి పదిరోజులు ఉంటాను. ఈలోగా అమ్మనీ నాన్నగారినీ తీసుకుని మీరే ఒకసారి రండి. కాణిపాకం దర్శనం చేయిస్తాను. రూతమ్మగారు మీ కోసం ఇప్పటినుంచే మంచం బిగిస్తున్నారు.

చిన్న సాయం. కంటి ఆపరేషను అయ్యాక నాన్నగారికి భూతద్దంతో పని లేదన్నావు. ఆయన్ని అడిగి, గుడ్డలో చుట్టి, వచ్చేవాళ్ళెవరిచేతైనా పంపు. దిగువపల్లెలో ఉంచుతాను. అలాగే మన రేవులో పంటు మీద బస్సు ఎక్కి ఉన్న ఫోటో ఒకటి కావాలి. పడవ మీద బస్సు దాటుతుందంటే ఇక్కడ ఒక్కరూ నమ్మడం లేదు, నన్ను కోతలమ్మని అంటున్నారు.

అమ్మకీ నాన్నగారికీ నా పాదాభివందనాలు. నా పని సవ్యంగా జరగాలని ఇద్దరినీ దీవించమను. బావగారికి నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు. ఎదురింటి పిన్నిగారిని అడిగానని చెప్పు. జవాబు వెంటనే రాయి, పెద్దది రాయి.

నీ ముద్దుల చెల్లెలు,
కామేశ్వరి

మరో మాట: నా కోడిగీతలు అమ్మ చదవలేదు, నువ్వే చదివి వినిపిస్తావు కదా. ఇంకో ఏడాది అన్నచోట ఆగకు. గబగబా చదివేసి, పిల్లలు జీపు తోసుకొచ్చిన ముక్క మళ్ళీ ఒకసారి చదువు. అమ్మ నవ్వాక ఆగు.