కామెర్లని చెప్పిన జబ్బు

అక్కా,

మనసు బాగాలేక నేను ఆసుపత్రిలో చేరినప్పుడు, మా లైబ్రరీకి ఫోన్ చేసి కామెర్లని చెప్పావు. నా పరువు కోసమేనని తెలుసు. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇక్కడ పుస్తకాలు బైండు చేసే పిన్నిగారు రోజూ నాకోసం ఉప్పూకారం లేని కూర తెచ్చి, తోడుగా తనూ అదే తింటున్నారు. నేను తలవంచుకుని తింటున్నాను. కామెర్లు తగ్గాక ఇంకా మాత్రలెందుకని అడుగుతారని మధ్యాహ్నం మాత్ర మానేశాను. మళ్ళీ నిద్ర పట్టడం లేదు. పాత భయాలు వస్తున్నాయి.

నిన్న అరల వెనక ఏడుస్తుంటే ఆవిడ చూశారు.

“కామెర్లు కాదండీ, మనసుకి జబ్బు” అన్నాను.

“పిచ్చిపిల్లా, ముందే చెప్పకూడదూ? ఇద్దరికీ ఈ చప్పిడి కూడు తప్పేది” అని, వెంటనే నాలుక కరుచుకున్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడే మంచినీళ్ళు తెచ్చి, మాత్ర మింగేదాకా పక్కనే నిలబడ్డారు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చాక మన ఇంట్లో పిచ్చి అన్న మాటే ఎవరూ అనడం లేదు. అమ్మయితే సగంలో మింగేస్తుంది. ఇదివరకు నువ్వు నన్ను పొద్దస్తమానం పిచ్చిమొద్దూ అనేదానివి.

ఆదివారం వస్తున్నాను. మాత్ర అందరి ముందే వేసుకుంటాను, సిగ్గుపడుతూనే. నువ్వు మాత్రం గుమ్మంలోనే నన్ను పాత పేరుతో పిలువు.

నీ చెల్లెలు