భజనకని చెప్పిన పెట్టె

పెదమెట్టవలస,
గురువారం.

బావకి ఈశ్వరి నమస్కారాలు.

గిరిబాబు చేత నువ్వు పంపిన ఉత్తరం, టార్చిలైటు రెండూ భద్రంగా అందాయి. ఇంట్లో అందరం బాగున్నాం, జ్వరాలూ అవీ ఏమీ లేవు. నువ్వూ బాగానే ఉన్నావని, కొంచెం నల్లబడ్డావని గిరిబాబు చెప్పాడు. అతను ఆదివారం మళ్ళీ విశాఖపట్నంలో ఓడ ఎక్కుతాడు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను మోగితే చాలు అత్త స్పీకరు పెట్టమంటుంది. మీ అండమాన్ దీవిలో సిగ్నలు సగం మాటలోనే పోతుంది. మిగతా సగం మన వీధిలో వాళ్ళు పూర్తి చేసుకుంటారు.

నువ్వు అడిగిన వాటికి ముందు జవాబులు రాస్తాను. గేదె ఈనింది, పెయ్య దూడ. అత్త మోకాలి నొప్పి మందు రాస్తే తగ్గుతుంది, ఆవిడ రాయదు. వంటింటి మీద రేకులు రెండు మార్పించాను. గోగు నార అంతా పండగ ముందే అమ్మేశాను, ధర మరీ పాడు కాదు. మీ తమ్ముడు త్రినాథ్ ట్రాక్టరుకి పెద్ద సౌండు బాక్సులు పెట్టించాడు. ఇప్పుడు అతను కాలవగట్టు మీద ఉండగానే ఇక్కడ మన గిన్నెలు కదులుతాయి. ఎందుకురా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇక హార్మోనియం సంగతి. "రామమందిరానికి నా పేరు మీద హార్మోనియం ఇచ్చావట. గిరిబాబుకి వాళ్ళింటి నుంచి ఫొటో వచ్చింది. సైటులో అందరికీ చూపించాను. చాలా మంచి పని చేశావు" అని రాశావు. అది చదివి ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో పెట్టేశాను. పది రోజులైంది. జరిగింది మొదటి నుంచి రాస్తాను, మధ్యలో కోపం వచ్చినా ఆఖరి దాకా చదువు.

కార్తీకంలో గరివిడి మా పిన్ని ఇంటికి వెళ్ళాను కదా. వాళ్ళ పక్కింటి నారాయణమ్మగారి భర్త నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయి మూడేళ్ళైంది, పెట్టె అమ్మేద్దామనుకుంటున్నారు. నేను ఊరికే దాని గాలి తిత్తి కదిపి ఒక మెట్టు నొక్కాను. వేలు తీసేదాకా అది పలుకుతూనే ఉంది. నారాయణమ్మగారు నన్ను ఒక్కటే అడిగింది.

"నేర్సుకుంటావేటి?"

ఊఁ అన్నాను. "రోజూ తిత్తి కదపాల మరి. నేదంటే బొద్దింకలు సేరతాయి" అంది. సరిగమలు చూపించింది. నార డబ్బు చేతికి రాగానే వెళ్ళి తొమ్మిది వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ నార నేను నడుం లోతు నీళ్ళలో నిలబడి తీసింది. చూశావా, నువ్వు అడగకముందే ఎక్కడి డబ్బో చెప్పేస్తున్నాను. ఈ జబ్బే నా కొంప ముంచింది.

బస్సులో కండక్టరు "ఎవులికమ్మా, స్కూలుకా?" అన్నాడు. అవునన్నాను. దిగగానే గున్నమ్మ పెద్దమ్మ ఆపి అడిగింది. మా పిన్నిది, దాచమని ఇచ్చిందన్నాను. ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏటే అది? దాంతో నీకేటి పనే? కచేరీలు సేస్తావేటి?"

"మందిరంలో భజనకి అత్తా" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అత్త ముఖం మారిపోయింది. లేచి కొబ్బరికాయ కొట్టింది. పెట్టెకి పసుపు రాసి బొట్లు పెట్టింది. సాయంత్రానికి భజన సంఘం పెద్ద అసిరయ్య బాబాయ్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఎంత మంచి బుద్ధి పుట్టిందే అమ్మీ! ఒరే, ఎత్తండ్రా" అన్నాడు.

ఎత్తేశారు. గుమ్మంలో నిలబడి చూశాను. మైకులో చెప్పారు. తర్వాత పెయింటరును పిలిచి ముందు చెక్క మీద తెల్ల రంగుతో "దాత: శ్రీ నరసింగరావు, అండమాన్" అని రాయించారు. నువ్వు ఫొటోలో చూసింది అదే.

మన ఊళ్ళో దాన్ని వాయించేవాడు ఒక్కడూ లేడు. శనివారం భజన ఎప్పటిలాగే తాళాలతో, మద్దెలతో నడుస్తోంది. పెట్టె బీరువాలో ఉంది, తాళంచెవి అసిరయ్య బాబాయ్ మొలతాడుకి ఉంది. నేను వెళ్ళి అడిగాను, పగలు ఒక గంట వాయించుకుంటానని.

"ఆడోలు తాళాలు వాయించండి సాలు. అది దేవుడి సామాను" అన్నాడు.

ఇంకోసారి అడిగితే పొలానికి వెళ్తున్నానన్నాడు. మూడోసారి పొలం నుంచి వస్తున్నప్పుడు అడిగాను, స్నానం చెయ్యాలన్నాడు. నాలుగోసారి, నువ్వు పంపిన ఉత్తరం చదివిన మర్నాడు, విసుక్కుంటూ తీశాడు. మూత ఎత్తగానే బొద్దింకలు పరిగెత్తాయి. తిత్తి మూల ఎలక కొరికేసింది. కదిపితే ఉస్సుమని గాలి పోతోంది. నారాయణమ్మగారు చెప్పిన మాట గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. అయినా మూత దించి ఇంటికి వచ్చాను. నువ్వు సైటులో అందరికీ ఫొటో చూపించుకుని ఉన్నావు. నీ పేరు దించాలా, పెట్టెని ఎలకలకి వదిలెయ్యాలా అని నాలుగు రోజులు ఆలోచించాను.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. మొన్న శనివారం దాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాను.

హారతి అయ్యాక, అందరూ ప్రసాదం తింటున్నప్పుడు, లేచి చెప్పాను.

"బాబాయ్, ఆ పెట్టె నాది. పట్టుకెల్లిపోతాను."

"దేవుడికిచ్చింది మల్లీ అడుగుతావేటే? కల్లు పోతాయి!"

"నేనివ్వనేదు. నువ్వొచ్చి ఎత్తుకెల్లావు. భజనకని నేను అబద్దం సెప్పాను, అది నా తప్పే. నాకోసం కొనుక్కున్నాను."

"నీకెందుకే అది?"

మందిరం అంతా నా వైపే చూస్తోంది. ఎప్పటిలాగే నోట్లో నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పిల్లలకి పాఠాలు చెప్తానని, పెళ్ళిళ్ళలో వాయించి నాలుగు రూపాయలు తెస్తానని, డాక్టరు చెప్పాడని. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఎందుకూ నేదు బాబాయ్. వాయించుకోడానికి" అన్నాను.

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అసిరయ్య బాబాయ్ అత్త వైపు తిరిగి "సూడు అప్పలనరసమ్మా, నీ కోడలు" అన్నాడు. అత్త ప్రసాదం ఆకు మడిచి లేచి వెళ్ళిపోయింది. తప్పుకి జరిమానా కట్టాలన్నాడు ఆయన.

"అబద్దానికి కడతాను. నవమికి మందిరానికి సున్నం నేనే ఏస్తాను, సున్నం ఖర్సు కూడా నాదే. పెట్టెకి మాత్రం రూపాయి కట్టను" అన్నాను.

కాసేపు గొణిగారు. చివరికి బాబాయ్ మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నేనే నెత్తిన పెట్టుకుని వచ్చాను. పచ్చి నార మోపులు మోసిన నెత్తి, అదేం బరువు కాదు.

ఆదివారం పొద్దున్నే గరివిడి పట్టుకెళ్ళి తిత్తికి తోలు వేయించాను. అత్త నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న అరుగు మీద నుంచి కేక వేసింది. "ఎంతసేపూ ఆ ఒక్కటేనేటే? ఇంకోటి రాదేటి?" అని. రాదు. ఇప్పటికి నాకు ఆ సరిగమల వరస ఒక్కటే వచ్చు.

అక్కడ నీ పరువు ఏమవుతుందో నాకు తెలుసు. గిరిబాబు ఓడ దిగగానే అక్కడ అందరికీ చెప్తాడు. నవ్వుతారు. నువ్వు గొప్పగా చూపించుకున్న తర్వాత ఇలా జరిగినందుకు నాకు కష్టంగానే ఉంది. కానీ నువ్వు మెచ్చుకున్న పని నేను చెయ్యలేదు, ఆ మెప్పు నేను ఉంచుకోలేను. అందుకే అతని నోటితో వినేలోగా చదువుకోమని రాస్తున్నాను. చెక్క మీద రంగు బ్లేడుతో గీకాను. "దాత" పోయింది. నీ పేరు గీకబోతే చెక్క లేస్తోందని ఆపేశాను. ఇప్పుడు దాని మీద "శ్రీ నరసింగరావు, అండమాన్" అని మాత్రం ఉంది. ఉండనీ.

నువ్వు పంపిన టార్చి వెలుతురు రోడ్డు అవతల దాకా పడుతోంది. దాన్ని నీ ట్రంకు పెట్టెలో మిగతా వాటి పక్కన పెట్టాను. దీనితో ఏడయ్యాయి. కరెంటు పోయినప్పుడు మేము వాడేది ఒక్కటే. మిగతా ఆరూ ఎందుకని నేను నిన్ను ఎప్పుడూ అడగలేదు, నువ్వు వచ్చినప్పుడల్లా వాటిని వరసగా పెట్టి ఒక్కొక్కటీ వెలిగించి చూసుకుంటావు, నేను వంట చేసుకుంటూ చూస్తుంటాను.

వచ్చే ఉత్తరంలో ఏదైనా అడుగు, ఆ ‘ఎందుకు’ ఒక్కటి తప్ప.

ఇట్లు,
నీ భార్య,
ఈశ్వరి